అమ్మ చేతి మడత

మార్చి 3

ఒరే కత్తెరగాడూ,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమని నువ్వన్నావు కాబట్టి నేనూ అంటున్నాను గానీ, చూడబోతే కాగితాన్ని కోడి కెలికినట్టుంది. అయినా సంతోషించాను. నువ్వేం రాశావో తర్వాత చదివాను, ముందు అక్షరాలు చూశాను. సున్నాలు ఇంకా కోడిగుడ్లలాగే ఉన్నాయి. కొమ్ములు మాత్రం కిందటిసారి కంటే నయం. బొటనవేలు మాట వింటోందన్నమాట.

ఆపరేషనయిన చెయ్యికి రోజూ కాస్త రాత మంచిదని చెబితే, "ఈ రోజుల్లో ఉత్తరాలేంటక్కా, ఫోనుందిగా" అని నవ్వావు. ఫోనులో నువ్వు ఎన్ని కోతలైనా కోస్తావు. చిన్నప్పుడు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ఆటకెళ్ళాలంటే "నాకేం కాలేదు" అనేవాడివి. నేను ఆస్పత్రిలో పొద్దస్తమానం జనం చేతులకి కసరత్తు చేయించేదాన్ని. నాకు మాటలతో పనిలేదు, చెయ్యి చూపించాలి. అంత దూరాన కూర్చున్నావు కాబట్టి చెయ్యికి బదులు రాత పంపు. లావుపాటి కలంతోనే రాయి. ఆ సన్నకలాలు మీ ఆవిడకిచ్చెయ్యి.

ఇక్కడి సంగతులు మామూలే. ఆస్పత్రి వెనక నా గది, పక్కనే బట్టలుతికే గది, దాని ఆవిరికి నా కిటికీ అద్దం ఎప్పుడూ చెమటపట్టే ఉంటుంది. ఈ నెల కొత్తగా ఇద్దరొచ్చారు. తాపీపనాయన, జుట్టు కత్తిరించే అమ్మాయి. ఇద్దరికీ మణికట్టు నొప్పే. గ్లౌజులు కొలిచిచ్చాను. ఇదిగో ఇది రాస్తుంటే మా కుట్టుపనావిడ పక్కన టకటకా కొడుతోంది. గ్లౌజుకి బొటనవేలి దగ్గర మడత కుట్టడం, తర్వాత దాన్ని చెక్కసుత్తితో అణగ్గొట్టడం, రోజంతా ఇదే చప్పుడు. నా తలలో కూడా అదే మోగుతోంది.

అమ్మ బైండింగు దుకాణం మానదు, మమ్మల్ని దుకాణంలోకి రానివ్వదు. మీ బావ వెళ్ళి పుస్తకాల కట్ట ఎత్తబోతే "నడుం పట్టేస్తే మళ్ళీ నా కూతురే చూడాలి, పక్కకి తప్పుకో" అందట.

రాస్తూ ఉండు. కోడి కెలికినా పర్లేదు.

అక్క


మార్చి 15

అక్కా,

లావుకలంతోనే రాస్తున్నాను, చూసుకో. సున్నాలు గుండ్రంగా రావడానికి నాలుక బయటపెట్టి మరీ రాస్తున్నానని మీ మరదలు నవ్వుతోంది.

ఒక మంచి కబురు. మా కంపెనీ గ్లౌజుకి పేటెంట్ వచ్చేసింది! కిందటేడు చెప్పాను చూడు, మణికట్టు నొప్పులవాళ్ళ కోసం నేను నమూనా వేశానని, అదే. మొదట తిప్పికొట్టారు. చేతి వీపు మీద బద్ద పెట్టే గ్లౌజులు లోకంలో బోలెడున్నాయి, ఇందులో కొత్తేముంది అన్నారు. చివరికి బొటనవేలి మొదట్లో వేసే మడత పనికొచ్చింది. అది ఇంకెవరి గ్లౌజులోనూ లేదట. దాని మీదే ఇచ్చారు. ఆ మడత ఎందుకు పెట్టావని మా ఇంజనీరు అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా, "ఒత్తిడి పంచడానికి" అన్నాను. ఇప్పుడు అదే మాట అచ్చులో, ముద్రతో సహా ఉంది. చదువుకుంటే నాకే గౌరవం కలిగింది.

మేనేజరు గారు నన్ను నిలబెట్టి ఫోటో తీయించారు. ఆపరేషనయిన చెయ్యికి మా గ్లౌజు తొడిగి, 'కనిపెట్టినవాడే వాడుతున్నాడు' అని కింద రాయించి గుమ్మం పక్కన గోడకి పెట్టారు. దాంతో పనిచేసినంతసేపూ గ్లౌజు తియ్యొద్దన్నారు. వచ్చే పోయే వ్యాపారులు చూస్తారట. నేనేమో షోకేసు బొమ్మనైపోయాను.

అమ్మకి చెప్పు. గ్లౌజు సంగతి కాదు, ఫోటో సంగతి. అమ్మకి ఫోటోలంటేనే నమ్మకం.

తమ్ముడు


మార్చి 28

తమ్ముడూ,

నీ కబురు అమ్మకి చెప్పిన రోజునే నాకు ఇంకో కబురొచ్చింది. రిజిస్టరు పోస్టులో. 'మీరు మీ గదిలో తయారుచేసి రోగులకిస్తున్న గ్లౌజు మా పేటెంట్ గ్లౌజుకి నకలు. వెంటనే ఆపండి, లేదా కోర్టులో కలుద్దాం' అని. కింద మీ కంపెనీ ముద్ర ఉంది.

చదివి ముందు నవ్వాను. ఎవడో పొరపాటున పంపాడనుకున్నాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. ఫోను చేస్తే నువ్వు ఎత్తలేదు.

ఒరే, నీకు గుర్తుందా లేదా? అమ్మకి బైండింగు ప్రెస్సు తిప్పి తిప్పి కుడి మణికట్టు పోయినప్పుడు, పుస్తకాల వీపుకి వేసే అట్టముక్క చేతి వీపు మీద పెట్టుకుని, బైండింగు గుడ్డతో తనే గ్లౌజు కుట్టుకుంది. కుట్లన్నీ పైకి ఉండేలా, ఒంటికి గీసుకోకుండా. అవి రెండు కుట్టింది, రెండూ కుడిచేతికే. అరిగిపోయాక ఒకటి నేను తెచ్చుకుని కుట్లు విప్పి కాగితం మీద పెట్టి గీసుకున్నాను. ఇంకొకటి నువ్వు పట్టుకెళ్ళావు. నీ ఉద్యోగానికి ముందు నుంచీ నేను అదే కొలతతో జనానికి చిన్నా పెద్దా కుట్టిస్తున్నాను. ఇప్పుడు నాది నకలా?

ఆ నోటీసులో మడత గురించి ఒక పేరా ఉంది. మడత దాకా కాపీ కొట్టాను కాబట్టి నాది దొంగతనమేనట.

నువ్వు పంపించావని నేననుకోను. అనుకోకుండా ఉండటానికి త్వరగా రాయి.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

నీ మీద ఒట్టు, ఆ నోటీసు సంగతి నాకు తెలీదు. మా అమ్మకాల మనిషి ఏదో దుకాణంలో జుట్టు కత్తిరించే అమ్మాయి చేతికి గ్లౌజు చూశాడట. ఎక్కడిదని అడిగితే పాపం ఆ పిల్ల గర్వంగా నీ గది పేరు చెప్పింది. అతను మా లాయర్లకి చెప్పాడు. నీకు పంపాక నాకు తెలిసింది. మా అక్క అని చెబితే మేనేజరు గారు మొహం చిన్నది చేసుకుని, "అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. నీతో ఫోనులో మాట్లాడొద్దని లాయర్లు చెప్పారు. ఉత్తరాల గురించి ఏమీ అనలేదు. ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునేవాళ్ళుంటారని వాళ్ళకి తట్టలేదు.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. కిందటేడు నీకు మా నమూనా ఒకటి పంపాను కదా, చూడమని. ఆ మడత నువ్వు అందులోంచి తీసుకోలేదు కదా? తెలిసి అని కాదు. చేతిలో వస్తువుంటే చెయ్యి నేర్చేసుకుంటుంది, మనకి తెలీకుండానే. అమ్మ గ్లౌజులో మడత ఉన్నట్టు నాకు గుర్తులేదు. నేను బల్ల దగ్గర నెలల తరబడి కత్తిరించి, పారేసి, మళ్ళీ కత్తిరించి చేశాననే గుర్తు.

రాత బాగాలేదని తిట్టకు. కాగితం నునుపుగా ఉంది, కలం జారుతోంది.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

కోప్పడకు అని రాసి కోపం తెప్పించే మాట రాయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కాగితం నునుపా? నీ ఉత్తరాన్ని వెలుతురులో పెట్టి చూశాను. పైన అక్షరాలు బాగానే నిలబడ్డాయి. 'ఆ మడత నువ్వు అందులోంచి తీసుకోలేదు కదా' అన్న దగ్గర నుంచీ అన్నీ పక్కకి వాలిపోయాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీ అక్షరాలే తడుముకుంటున్నాయి. నోరు అబద్ధమాడినా చెయ్యి ఆడలేదని నా రోగులందరికీ చెబుతుంటాను. ఇవాళ నా తమ్ముడి దగ్గర రుజువైంది.

లాయరు దగ్గరికెళ్ళాను. మనిషి మంచివాడే, రెండు మాటలకోసారి దగ్గుతాడు. అంతా విని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "కేసు మీదేనమ్మా. మీ అమ్మగారు వచ్చి గ్లౌజు తనదేనని చెబితే, మీ పాత రోగులు నలుగురు ముందునుంచీ వాడుతున్నామంటే పేటెంట్ కూలిపోతుంది." నేను లేచి నిలబడ్డాను సంతోషంతో. అప్పుడు దగ్గి, "కాకపోతే, మొదట కనిపెట్టింది నేనేనని మీ తమ్ముడు ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. అది అబద్ధమని మనమే రుజువు చెయ్యాలి. వాళ్ళు అతన్ని ఉంచుకోరు. మరి పర్లేదా?" అన్నాడు.

నేను మళ్ళీ కూర్చున్నాను.

కోర్టు చెప్పేదాకా గ్లౌజులు కుట్టకూడదని కూడా లాయరే అన్నాడు. కుట్టుపనావిడ ఖాళీగా కూర్చుని కిటికీ తుడుస్తోంది. గదిలో టకటకా లేకపోతే నాకు పిచ్చెక్కినట్టుంది. తాపీపనాయన వచ్చి "పని మానేస్తే ఇల్లు గడవదు, ఉత్తచేత్తో చేస్తే చెయ్యి పడిపోతుంది, ఏం చెయ్యనమ్మా" అన్నాడు.

వీళ్ళని వదలాలి, లేదా నిన్ను దొంగని చెయ్యాలి. మూడో దారి ఉంటే చెప్పు.

అక్క


మే 2

అక్కకి,

ఈ ఉత్తరం టైపు చేసి పంపుతున్నాను.

నేను ఏ కాగితం మీద సంతకం పెట్టినా నమ్మే పెట్టాను. అమ్మ కట్టుకున్నది గుడ్డ, అట్ట. దాన్ని నాలాంటివాళ్ళు లక్షమంది చూసి ఉంటారు. చూడటం వేరు, పదిమందీ తొడుక్కునే వస్తువుగా తయారుచెయ్యడం వేరు. అది నేను చేశాను. నువ్వూ చేసి ఉండొచ్చు. నేను కాదనడం లేదు. కానీ నేను అబద్ధమాడాననడం అన్యాయం. నా అక్షరాలు చూసి నా మనసు చెప్పగలనని నువ్వనుకుంటే, ఇవిగో, ఈ అక్షరాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

మూడో దారి నాకు తెలీదు. నువ్వు చెయ్యాల్సింది చెయ్యి. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను.

తమ్ముడు


మే 12

తమ్ముడికి,

టైపు ఉత్తరం అందింది. మీ లాయర్లకి ఉత్తరాల సంగతి ఇప్పుడు తట్టినట్టుంది. పక్కన కూర్చుని రాయించారా, వాళ్ళే రాసి నీ చేత కింద 'తమ్ముడు' అనిపించారా? 'అక్కా' పోయి 'అక్కకి' వచ్చింది.

అమ్మ వచ్చే నెల మొదట్లో లాయరు ముందు చెప్పడానికి ఒప్పుకుంది. ఏం చెబుతావని అడిగితే "ఉన్నది చెబుతాను. వాడు నా కొడుకే, ఇది నా కూతురే, గ్లౌజు నాదే" అంది. లాయరు ఆ మొదటి రెండూ అక్కర్లేదన్నాడు. అమ్మ "అవి లేకుండా మూడోది చెప్పను" అని మొండికేసింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, తెలుసుగా.

పిట్టపోరు పిల్లి తీర్చినట్టు చివరికి మనిద్దరినీ లాయర్లే తింటారు. అయినా సరే.

అక్క


మే 17

ఒరే,

ముందటి ఉత్తరానికి జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇది అక్కగా కాదు, చేతులు చూసేదానిగా రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ఇవాళ మీ బావ నన్ను కడిగేశాడు. "వాడు టైపు చేశాడని పది రోజుల నుంచి ఏడుస్తున్నావు. నీ గదికొచ్చినవాడెవడైనా నిన్నటిదాకా రాసి ఇవాళ రాయలేకపోతే నువ్వేమడుగుతావు? వాడు దొంగా అని అడుగుతావా?" అన్నాడు. ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడని మనిషి. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

నీ ఉత్తరాలు మళ్ళీ తీసి పరిచాను. మార్చి మొదట్లో అందినదాంట్లో అక్షరాలు వంకరే గానీ నిటారుగా ఉన్నాయి. మార్చి మధ్యలో పేజీ చివరికొచ్చేసరికి వాలాయి. ఏప్రిల్‌లో సగం పేజీకే వాలాయి. ఆ మడత మాట సరిగ్గా సగం పేజీ దగ్గర పడింది, అంతే. నేను దానికి నీ మనస్సాక్షిని అంటగట్టాను. ఆపరేషన్ తర్వాత చెయ్యి ఇలా వెనక్కి నడవకూడదు.

చెప్పు. బొటనవేలి వీపున, చూపుడువేలి మొదలుదాకా తిమ్మిరెక్కుతోందా? కలం పట్టుకుంటే చురుక్కుమంటోందా? పొద్దున్న నయంగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటోందా? దాచకు. జ్వరమొచ్చినప్పటిలాగా దాచావంటే నేనే రైలెక్కి వచ్చి అందరి ముందూ చెవి మెలేస్తాను. కేసు సంగతి తర్వాత.

అక్క


మే 25

వదినా,

ఇది నేను, మీ మరదల్ని. ఆయన చెబుతుంటే రాస్తున్నాను. రాత బాగుంటుంది కాబట్టి నన్ను మెచ్చుకోవాలి మీరు.

ఆయన మాటలు ఇవి: 'అక్కా, అన్నీ సరిగ్గా చెప్పావు. బొటనవేలి వీపు మొద్దుబారింది. అగ్గిపుల్ల తాకినా తెలీదు, కలం తాకితే మాత్రం సూది గుచ్చినట్టుంటుంది. టైపు నేనే చేశాను, ఎడమచేతి ఒక్క వేలితో, ఒక పూట పట్టింది. లాయర్లెవరూ లేరు. అక్షరాలు చూసి అబద్ధమంటావని భయపడి చేశాను, కోపంతో కూడా చేశాను. ఆదివారం ఇంట్లో ఉంటే కాస్త తగ్గుతుంది. పనిలోకి వెళ్తే మొదలు.'

వదినా, ఆయన చెప్పని సంగతి నేను చెబుతాను. పనిలో ఉన్నంతసేపూ ఆ గ్లౌజు తొడుక్కునే ఉంటారు, ఫోటో పెట్టారు కదా. నొప్పిగా ఉంది తియ్యండంటే, "కనిపెట్టినవాడే తీసేస్తే కొనేవాడేమనుకుంటాడు" అంటారు. ఇంటికొచ్చి తీస్తే బొటనవేలి కింద ఎర్రగా గీత. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంకోటి. గిడ్డంగిలో వెనక్కి వచ్చిన గ్లౌజులు గుట్టలుగా పడున్నాయట. వాటి మీద 'సైజు తప్పు' అని ముద్ర కొడుతున్నారట. ఇంతమందికి తమ చెయ్యి సైజు తెలీదా వదినా? (ఇది రాయొద్దన్నారు. రాశాను.)

ఆయన మళ్ళీ అంటున్నారు: 'అమ్మని వద్దనకు. ఉన్నది చెప్పనీ.'

మరదలు


జూన్ 3

ఒరే తమ్ముడూ,

ముందు ఆ గ్లౌజు తీసెయ్. ఇది చదువుతూ వేసుకుని ఉంటే ఇప్పుడే తీసి కింద పడేసి తర్వాతి వాక్యానికి రా.

తీశావా? సరే విను.

మరదలి ఉత్తరం చదివి, నువ్వు కిందటేడు పంపిన నమూనా పెట్టెలోంచి తీసి నేనే తొడుక్కున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నా బొటనవేలి వీపు కూడా జివ్వుమంది. తీసి లోపలికి తిరగేస్తే మడత గట్టిగా లేచి నిలబడి ఉంది, సరిగ్గా చర్మం కింద నరం వెళ్ళే చోట. అదే మడత మా గ్లౌజుల్లోనూ ఉంది, మా వాళ్ళెవరికీ తిమ్మిరి రాలేదే? ఎందుకు రాలేదా అని గదంతా తిరిగాను. అప్పుడు బల్ల మీద ఆ చెక్కసుత్తి కనపడింది.

కుట్టుపనావిడని అడిగాను. "మడత కుట్టాక ఎందుకు కొడతావు?"

"కొట్టకపోతే గుచ్చుకుంటుందమ్మా."

"గుచ్చుకుంటుందని నీకెవరు చెప్పారు?"

"నేను చేరేసరికి మీరు కొడుతున్నారు. చూసి నేర్చుకున్నాను."

నిజమే. మొదట్లో ఎవరో గుచ్చుకుంటోందంటే నేను సుత్తి పట్టుకున్నాను. మడత ఎందుకు అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. అమ్మ గ్లౌజులో ఉంది కాబట్టి ఉండాలి, గుచ్చుకుంటోంది కాబట్టి కొట్టాలి. మీకు సుత్తి లేదు, అందుకని మీవి వెనక్కొస్తున్నాయి.

తిన్నగా అమ్మ దుకాణానికి వెళ్ళాను. పాపం అమ్మ, లాయరు ముందుకెళ్ళడానికి మంచి బట్టలు ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకి వేలాడేసుకుంది. "అమ్మా, గ్లౌజులో మడత ఎందుకు పెట్టావు?" అన్నాను. నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, కుడిచెయ్యి నా ముందు పెట్టింది. బొటనవేలి మొదట్లో బుడిపె. ప్రెస్సు పిడి జారి కొట్టినప్పుడు ఎముక విరిగి, అతుక్కున్నచోట పెరిగిందే, అది. మనిద్దరం ఆ చెయ్యి పట్టుకునే రోడ్లు దాటాం. ఆ బుడిపె మన వేళ్ళకి తెలుసు, బుర్రలకి తెలీలేదు.

"దీనికి చోటు కావద్దూ? అందుకే గుడ్డ మడిచి గది కట్టాను" అంది.

అదిరా సంగతి. ఆ మడత అమ్మ బుడిపెకి కట్టిన ఇల్లు. బుడిపె లేని చేతిలో ఆ ఇల్లు కూలి నరం మీద పడుతుంది. నువ్వు అమ్మ గ్లౌజు విప్పి గీశావు, నేనూ అమ్మ గ్లౌజు విప్పి గీశాను, ఇద్దరం అమ్మ దెబ్బని కూడా గీసేసుకున్నాం. నీకు మడత గుర్తులేదన్నావు, నాకు కారణం గుర్తులేదు. ఇంత లోకంలో ఒక్క చేతికి పనికొచ్చే మడత కోసం నోటీసులు, లాయర్లు, ప్రమాణాలు! కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే.

అమ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నా నొప్పిని మీరిద్దరూ ఊరందరికీ తొడిగారా" అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

దగ్గు లాయరుని అడిగాను, మడత లేకుండా కుట్టుకుంటే? అతను చాలాసేపు దగ్గి, "పేటెంట్ ఇచ్చిందే మడత మీద. మడత లేకపోతే మీ జోలికి ఎవరూ రాలేరు" అన్నాడు. కేసు చేజారినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. అమ్మ ఎవరి ముందూ ఏమీ చెప్పక్కర్లేదు. నువ్వు దొంగవి కానక్కర్లేదు. మూడో దారి దొరికింది.

నా సంగతి తేలిపోయింది, నీది తేలలేదు. మీ గిడ్డంగిలో ఆ గుట్టలున్నాయే, వాటిలో ఒక్కొక్క దాని వెనకా ఒక మొద్దుబారిన బొటనవేలుంది. మీవాళ్ళకి ఆ పేటెంట్ ఎంత ముద్దో నాకు తెలుసు. నేను చెప్పమనను. నీ చెయ్యే నీకు చెబుతుంది.

నీ అక్షరాలని నమ్మినంత నిన్ను నమ్మలేకపోయాను. అది నన్ను బాధపెడుతోంది.

అక్క


జూన్ 22

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను, లావుకలంతో. గ్లౌజు తీసి రెండు వారాలు దాటింది. అగ్గిపుల్ల తాకితే ఇప్పుడు కొద్దిగా తెలుస్తోంది.

చెప్పేశాను. మేనేజరు గారి గదికి వెనక్కొచ్చిన గ్లౌజులు ఒక బుట్టెడు పట్టుకెళ్ళి, ఒక్కొక్కటీ లోపలికి తిరగేసి బల్ల మీద పెట్టాను. అన్నిటికీ ఒకే చోట, మడత దగ్గర, గుడ్డ నల్లబడి ఉంది. "సైజు తప్పు కాదండీ, మడత తప్పు" అన్నాను. ఆయన ఒక గ్లౌజు తీసి మడత నొక్కి చూశారు. తర్వాత "పేటెంట్ గోడ మీద పెట్టుకుని మడత వద్దంటావేమిటయ్యా? అదొక్కటే కదా మనది!" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే జాలేసింది. నేనూ అలాగే పట్టుకుని వేలాడాను కదా దాన్ని, అక్కా. నాది, నాది అని. నెలల తరబడి బల్ల దగ్గర కత్తిరించి పారేశానని రాశానే, ఇప్పుడు కళ్ళు మూసుకుని తలుచుకుంటే ఏం కత్తిరించానో తెలుస్తోంది. మడత తీసేసి చూశాను, అమ్మ గ్లౌజులా రాలేదు. మళ్ళీ పెట్టాను, వచ్చింది. అమ్మలా వస్తే సరి అనుకున్నాను, దాన్నే కనిపెట్టడం అనుకున్నాను.

వారం గుంజాటన పడ్డాక ఇకమీదట మడత లేకుండా కుట్టడానికి ఒప్పుకున్నారు. నీ మీద నోటీసు వెనక్కి తీసుకున్నారు, కాగితం నీకు విడిగా వస్తుంది. ఫోటో గోడ మీదనుంచి దింపేశారు. నన్ను నమూనాల గదిలోంచి తీసి, వెనక్కొచ్చిన సరుకు చూసే గదిలో వేశారు. అక్కడ ఎవరూ కూర్చోరు, కిటికీ కూడా లేదు. శిక్షే అనుకో. మీ మరదలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు మాత్రం అక్కడే బాగుంది. తిరిగొచ్చిన ప్రతి గ్లౌజుని తిరగేసి, ఈ చెయ్యి ఎవరిదై ఉంటుందా అని చూస్తున్నాను. ఇన్నేళ్ళు గ్లౌజులు చేశాను, చేతుల గురించి ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

పేటెంట్ మాత్రం రద్దు కాలేదు. ఇరవై ఏళ్ళు ఉంటుంది. సర్కారు బీరువాలో అమ్మ బుడిపె కొలతలు మిల్లీమీటర్లతో సహా భద్రంగా ఉన్నాయి. ఆ మడత మా కంపెనీ తప్ప ఎవరూ కుట్టకూడదు. నువ్వూ కుట్టకూడదు, గుర్తుంచుకో. అమ్మకి నువ్వు కుట్టించిన గ్లౌజు చిరిగిపోయిందని మార్చిలో బావ ఫోనులో అన్నాడు. కాబట్టి అమ్మకి గ్లౌజు కుట్టే బాధ్యత ఇప్పుడు నాది. మేనేజరు గారిని అడిగాను. విచిత్రంగా చూసి, "ఒక్కటేగా, కుట్టుకో" అన్నారు.

అమ్మ చెయ్యి కాగితం మీద పెట్టి గీసి పంపు. పాత కొలత వద్దు. ఇప్పటిది కావాలి.

తమ్ముడు


జూలై 1

ఒరే కత్తెరగాడూ,

ఇందులో అమ్మ చెయ్యి ఉంది, మడవకుండా తియ్యి.

నేను గీస్తానంటే ఒప్పుకోలేదు. కుడిచెయ్యి కాగితం మీద పరిచి, ఎడమచేత్తో పెన్సిలు పట్టి తనే చుట్టూ గీసుకుంది. అందుకే గీత అక్కడక్కడా వణికింది. ఈసారి నేను ఆ వణుకుకి అర్థాలు తియ్యను. నీ పాత కొలత పక్కన పెట్టి చూసుకో. వేళ్ళు సన్నబడ్డాయి, మణికట్టు బాగా సన్నబడింది. బుడిపె మాత్రం అలాగే ఉంది, చెయ్యి తగ్గేసరికి అదే పెద్దగా కనపడుతోంది. మడత కాస్త వదులుగా వెయ్యి.

ఇక్కడ గది మళ్ళీ నిండింది. తాపీపనాయన కొత్త గ్లౌజు తొడిగి గోడకి కొట్టి చూశాడు, నా గోడకే. కుట్టుపనావిడ చెక్కసుత్తిని కిటికీ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టింది. దాంతో ఆవిరి బయటికి పోతోంది, అద్దంలోంచి వీధి కనపడుతోంది. నాకు మాత్రం అప్పుడప్పుడూ ఆ టకటకా వినపడుతున్నట్టే ఉంటుంది.

గ్లౌజు నువ్వు కుడుతున్నావని చెబితే అమ్మ, "పోస్టులో పంపొద్దని రాయి. తెచ్చి తొడగమను. సరిపోయిందో లేదో చెయ్యి పట్టుకుని చూడకపోతే ఎలా తెలుస్తుంది వాడికి" అంది.

రాశాను. రా.

అక్క